రెడ్‌వుడ్ అడవి అడిగే ఇంటర్వ్యూ ప్రశ్న

‘ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?’ ఇంటర్వ్యూలకు తిరిగే ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నకు జవాబు బట్టీ పట్టే ఉంటారు. టీమ్ లీడ్‌గా అనో, మీ కంపెనీతో పాటే ఎదుగుతూ అనో చెప్పేస్తాం. అది బట్టీ జవాబని చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. ఇద్దరూ ఓ చిన్న నవ్వు నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు.

ఇదే ప్రశ్నను తిరగేసి అడిగితే? ‘ఐదేళ్ల తర్వాత మీ కంపెనీ ఎక్కడ ఉంటుంది? ఇరవై ఏళ్ల తర్వాత ఈ రంగం ఎక్కడ ఉంటుంది?’ ఇలా మనం ఎప్పుడూ అడగం. ఉద్యోగం ఇస్తే అదే పదివేలు అనుకునే చోట ఆ ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? నిజం చెప్పాలంటే నాకు కూడా ఈ ప్రశ్న ఏ కెరియర్ సెమినార్‌లోనూ తట్టలేదు. అమెరికాలో, కాలిఫోర్నియా ఉత్తర కొసన, సముద్రపు ఒడ్డునున్న ఒక పాత అడవిలో నడుస్తుంటే తట్టింది. ఆ అడవి గురించి, దాని పక్కనే ఉన్న ఒక చిన్న ఊరి గురించి మీకు చెప్పాలి. ఉద్యోగం వెతుక్కునే వయసులో ఉన్న మీకే ముఖ్యంగా చెప్పాలి.

అరవై రోజుల గడువులో

మా అక్క కొడుకు సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. నేను వాళ్లింటికి వెళ్లేసరికి వాడి ఉద్యోగం పోయి మూడు వారాలైంది. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి సాధారణంగా 60 రోజుల వరకే గడువు ఉంటుంది. అందులో ఇరవై రోజులు అప్పటికే అయిపోయాయి. పొద్దున లేస్తే ల్యాప్‌టాప్, రాత్రి పడుకునేదాకా ల్యాప్‌టాప్. అన్నం ముందు కూర్చున్నా కళ్లు ఫోన్ మీదే.

ఓ శుక్రవారం రాత్రి వాడే అన్నాడు. “ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోంది మావయ్యా. రెండు రోజులు ఎక్కడికైనా పోయొద్దాం. మీరు కూడా వచ్చిన దగ్గర్నుంచీ ఈ నాలుగు గోడల మధ్యే ఉన్నారు.”

“ఖర్చెందుకురా ఇప్పుడు?” అన్నాను.

“అడవికి పోతే ఖర్చేముంటుంది, పెట్రోలు తప్ప!”

అలా బయల్దేరాం. శాన్‌ఫ్రాన్సిస్కో దాటి 101 నంబరు హైవే మీద ఉత్తరానికి. మధ్యలో ఆగుతూ వెళ్తే ఏడెనిమిది గంటలకు పైనే. మొదట ఊళ్లూ ద్రాక్ష తోటలూ, ఆ తర్వాత కొండలు, ఆపైన చెట్లు. హంబోల్ట్, డెల్‌నార్ట్ అని రెండు కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి. సిలికాన్ వ్యాలీ ఉన్న రాష్ట్రమే ఇది, కానీ ఆ పోలికలేవీ ఇక్కడ కనిపించవు. యురేకా, క్రెసెంట్ సిటీ లాంటి చిన్న పట్టణాలు, చేపల పడవలు, పశువుల మేత పొలాలు, ఎప్పుడూ సముద్రం మీంచి పాకి వచ్చే పొగమంచు. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మావాడికి ఆ రెండు రోజులూ రిజెక్షన్ మెయిల్స్ రాలేదు. అదే పెద్ద విశ్రాంతి.

రెండు వేల ఏళ్ల చెట్టు కింద

రెడ్‌వుడ్ అనగానే మనకు శేషాచలం ఎర్రచందనం గుర్తొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది వేరే జాతి చెట్టు. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తు పెరిగే చెట్టు ఇదే. పసిఫిక్ తీరం వెంబడి ఓ సన్నని పట్టీలో మాత్రమే సహజంగా పెరుగుతుంది. 2006లో క్రిస్ ఆట్కిన్స్, మైకేల్ టేలర్ అనే ఇద్దరు గుర్తించిన ‘హైపీరియన్’ అనే చెట్టు ఎత్తు దాదాపు 116 మీటర్లు. మన తాటిచెట్లను నాలుగైదింటిని ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత. కొన్ని చెట్ల వయసు రెండు వేల ఏళ్లు దాటింది. అంటే మన అమరావతి స్తూపం రూపుదిద్దుకుంటున్న రోజుల్లో మొలకెత్తినవి ఇప్పటికీ నిలబడే ఉన్నాయి.

లేడీ బర్డ్ జాన్సన్ గ్రోవ్ అనేచోట రెండున్నర కిలోమీటర్ల లోపే ఉండే కాలిబాట ఒకటుంది. అందులో నడిచాం. పైకి చూస్తే మెడ పట్టేస్తుంది, కొస కనిపించదు. కింద నడుమెత్తు ఫెర్న్ మొక్కలు. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా సాయంత్రంలా ఉంటుంది. మాటలు వాటంతటవే తగ్గిపోతాయి. వర్షం పడట్లేదు గానీ ఆకుల్నుంచి నీటి చుక్కలు రాలుతూనే ఉన్నాయి. అది పొగమంచు. ఇక్కడ ఎండాకాలంలో వానలు దాదాపుగా ఉండవు. సముద్రం మీంచి వచ్చే మంచును కొమ్మలు పట్టి నేలకు దించుతాయి. ఈ అడవికి ఏడాదిలో అందే నీటిలో మూడో వంతు దాకా అలా వచ్చేదేనని పరిశోధకులు కొలిచి చెప్పారు.

ఈ చెట్ల వేళ్ల కథ మోటివేషన్ స్పీకర్ల నోట మీరు వినే ఉంటారు. వేళ్లు లోతుకు పోవట, పక్కకు పాకి ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయట, అందుకే గాలివానకు పడవట, కాబట్టి టీమ్‌వర్క్ ముఖ్యమట! వేళ్ల సంగతి నిజమే. కానీ అక్కడిదాకా వెళ్లి టీమ్‌వర్క్ పాఠం నేర్చుకుని రావక్కర్లేదు. అంతకన్నా ముఖ్యమైన పాఠం అడవిలో కాదు, కొండ దిగాక రోడ్డు పక్కనున్న ఊళ్లో ఉంది.

ఓరిక్ అనే ఊరు

ఆ ఊరి పేరు ఓరిక్. హైవే మీద కారు స్పీడు తగ్గించేలోపే అయిపోయేంత ఊరు. మూతబడ్డ మోటళ్లు, దుకాణాలు, రెడ్‌వుడ్ దుంగలతో చెక్కిన బొమ్మలు అమ్మే షెడ్లు. ఇప్పుడు నాలుగైదు వందల మంది కూడా ఉండరు. ఒకప్పుడు కలప మిల్లులతో, దుంగల లారీలతో వేల జనంతో కళకళలాడిన ఊరది.

ఆ కళ ఎక్కణ్నుంచి వచ్చిందో చూడాలి. 1849 తర్వాత బంగారం కోసం కాలిఫోర్నియాకు జనం పోటెత్తారు. బంగారం అందరికీ దొరకలేదు, కలప మాత్రం దొరికింది. చెదలు పట్టని, తొందరగా కుళ్లని, నిటారుగా చీలే కలప. శాన్‌ఫ్రాన్సిస్కో ఇళ్లు, రైలు పట్టాల కింది దిమ్మలు, కంచెలు, నీళ్ల తొట్లు అన్నీ దీంతోనే. అప్పటికి ఈ తీరంలో దాదాపు 20 లక్షల ఎకరాల పాత రెడ్‌వుడ్ అడవి ఉండేది. ఇంత అడవి ఎప్పటికి తరుగుతుందిలే అనుకున్నారు. రెండుచేతుల రంపంతో వారం పట్టే పని, చైన్‌సా వచ్చాక ఒక్కరోజులోకి వచ్చింది. బుల్‌డోజర్లు, లారీలు వచ్చాక కొండ కొసదాకా అందింది. ఈరోజు మిగిలిన పాత అడవి సుమారు 5 శాతం. నూటికి తొంభై ఐదు చెట్లు పోయాయన్నమాట.

కాపాడాలన్నవాళ్లు ముందునుంచీ ఉన్నారు. 1918లో ‘సేవ్ ద రెడ్‌వుడ్స్ లీగ్’ పుట్టింది, విరాళాలతో అడవి ముక్కలు కొని పార్కులకు ఇచ్చింది. 1968లో రెడ్‌వుడ్ నేషనల్ పార్క్ ఏర్పడింది. అయితే పార్కు సరిహద్దుకు అవతల కొండల మీద నరకడం ఆగలేదు. అక్కడి మట్టి వానకు కొట్టుకొచ్చి వాగుల్లో నిండి, కింద పార్కులో ఉన్న పెద్ద చెట్లకే ముప్పు తెచ్చింది. దాంతో మరో 48 వేల ఎకరాలు పార్కులో కలపాలన్న ప్రతిపాదన వచ్చింది.

ఓరిక్ లాంటి ఊళ్లు భగ్గుమన్నాయి. 1977లో కలప కార్మికులు లారీలు కట్టుకుని దేశం ఆ చివర్నుంచి ఈ చివరికి, వాషింగ్టన్‌కు ర్యాలీగా వెళ్లారు. అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌ది వేరుశనగ సాగు చేసే కుటుంబం. అందుకని పెద్ద రెడ్‌వుడ్ దుంగను వేరుశనగ కాయ ఆకారంలో చెక్కి బహుమతిగా పట్టుకెళ్లారు. మా ఉద్యోగాలు మీకు పల్లీలతో సమానమా అన్నది వాళ్ల నిలదీత. వైట్‌హౌస్ ఆ దుంగను తీసుకోలేదు. అది మళ్లీ లారీ ఎక్కి ఓరిక్‌కే తిరిగొచ్చింది. చాలా ఏళ్లు రోడ్డు పక్కనే పడి ఉంది. 1978లో పార్కు విస్తరణ చట్టమైంది.

వాళ్ల కోపం తప్పా?

ఇక్కడ ఓ మాట. చెట్లు కాపాడినవాళ్లు మంచివాళ్లు, నరికినవాళ్లు చెడ్డవాళ్లు అని చెప్పడం ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు తేలిక. ఆ లారీల్లో వెళ్లినవాళ్లు మీ నాన్నలాంటి వాళ్లు. తాత చేసిన పని, తండ్రి చేసిన పని. హైస్కూలు అయిపోగానే మిల్లులో చేరితే ఇల్లు, కారు, పిల్లల చదువు అన్నీ గడిచిపోయేవి. అది ‘సేఫ్ జాబ్’. ఊళ్లో ఎవరిని అడిగినా అదే సలహా ఇచ్చేవారు. మన ఇళ్లలో ‘కళ్లు మూసుకుని కంప్యూటర్ సైన్స్ తీసుకో’ అన్నట్టే. ఆ సలహా ఇచ్చినవాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్లు చూసింది వాళ్లు చెప్పారు. అందుకే వాళ్ల బాధను నేను చిన్నచూపు చూడలేను.

కానీ ఉద్యోగాలు పోయింది పార్కు వల్లేనా? నా ఉద్దేశంలో, పార్కు వాటిని కొన్నేళ్లు ముందుకు జరిపింది, అంతే. రెండు లెక్కలు వేసుకోండి. ఒకటి, 95 శాతం ఖర్చయిపోయిన సరుకు మీద నిలబడిన పరిశ్రమ. పార్కు రాకపోయినా ఆ మిగిలిన పాత చెట్లు ఎన్నాళ్లొచ్చేవి? రెండు వేల ఏళ్ల చెట్టును నరికితే మళ్లీ రావడానికి రెండు వేల ఏళ్లు పడుతుంది. మిల్లుకు అంత ఓపిక ఉండదు. రెండు, యంత్రాలు. పది మంది చేసే పనిని ఇద్దరు చేసే మెషీన్లు వచ్చాక, చెట్లున్న చోట కూడా ఉద్యోగాలు తగ్గాయి. పార్కు మీద కోపం కళ్లకు కనిపిస్తుంది కాబట్టి వచ్చింది. మెషీన్ మీద ఎవరూ ర్యాలీ తీయలేదు.

నియామకాల జోరు చెప్పని సంగతి

ఇదే తీరంలో జరిగిన ఇంకో కథ మీకు మరింత దగ్గరగా ఉంటుంది. పసిఫిక్ లంబర్ అని ఒక పాత కంపెనీ. స్కోషియా అనే ఊరంతా దానిదే. ఇళ్లూ దుకాణాలూ కూడా కంపెనీవే. దశాబ్దాలపాటు అది ఆచితూచి నరికింది. పెరిగినంత మేరకే నరకాలి, అప్పుడే మనవల కాలానికీ పని ఉంటుంది అన్నది దాని పద్ధతి. అలా చాలా పాత అడవి ఆ కంపెనీ చేతిలో మిగిలే ఉంది.

1985లో మాక్సామ్ అనే సంస్థ భారీగా అప్పులు తెచ్చి ఈ కంపెనీని కొనేసింది. అప్పు తీరాలంటే డబ్బు కావాలి. డబ్బు కావాలంటే చెట్లు పడాలి. నరకడం దాదాపు రెట్టింపైంది. అప్పుడు ఊళ్లో ఏం జరిగింది? కొత్త నియామకాలు, అదనపు షిఫ్టులు, ఓవర్‌టైమ్ డబ్బులు! బయటి నుంచి చూసినవాళ్లకు ‘కంపెనీ భలే నడుస్తోంది’ అనిపించే రోజులవి. ఇంకోపక్క పర్యావరణవాదుల ఆందోళనలు. 23 ఏళ్ల జూలియా బటర్‌ఫ్లై హిల్ 1997 డిసెంబరులో ఒక రెడ్‌వుడ్ చెట్టెక్కి, దాన్ని కొట్టనివ్వనంటూ 738 రోజులు కిందికి దిగలేదు. 1999లో ప్రభుత్వం వందల కోట్ల రూపాయల విలువైన సొమ్ము పెట్టి ఒక భాగాన్ని కొని కాపాడింది. చివరికి 2007లో పసిఫిక్ లంబర్ దివాలా దరఖాస్తు పెట్టుకుంది.

ఇందులో మీరు పట్టుకోవాల్సింది ఒక్కటే. నియామకాలు జోరుగా ఉన్నాయంటే ఆ కంపెనీ పెరుగుతోందనే కాదు. ఉన్న నిల్వను వేగంగా కరిగించేస్తోందని కూడా అయ్యుండొచ్చు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. క్యాంపస్‌కు వచ్చి ఒకేసారి వందల మందిని తీసుకున్న కంపెనీ, ఏడాది తిరక్కుండానే ఆఫర్ లెటర్లు ఆపేస్తే మనం ‘మా టైం బాలేదు’ అనుకుంటాం. టైం కాదు. ఆ కంపెనీ దేని మీద బతుకుతోందో మనం అడగలేదు.

మావాడు ఓరిక్‌లో కారు ఆపి, మూతబడ్డ ఓ దుకాణం మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. “మావయ్యా, మా కంపెనీలో పోయినేడాది ఒకే క్వార్టర్‌లో టీమ్‌ని రెండింతలు చేశారు. అప్పుడు పార్టీ చేసుకున్నాం. ఆ డబ్బు కస్టమర్ల నుంచి వచ్చిందా, ఇన్వెస్టర్ల నుంచి వచ్చిందా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు.”

మిల్లు చోట ఇప్పుడేముంది?

కథ మూతబడ్డ ఊరితో అయిపోతే మిమ్మల్ని భయపెట్టి వదిలేసినట్టు అవుతుంది. అలా కాదు. 1978 చట్టంలో పని పోయిన కార్మికులకు నష్టపరిహారంతో పాటు కొత్త పని నేర్చుకునే శిక్షణ అవకాశం కూడా పెట్టారు. డబ్బు తీసుకున్నవాళ్లతో పోలిస్తే శిక్షణకు వెళ్లినవాళ్లు తక్కువే. తప్పు పట్టలేం. పాత పని మళ్లీ వస్తుందన్న ఆశ ఎవరికి మాత్రం ఉండదు? కానీ ఆ ఎదురుచూపులోనే చాలామందికి ఏళ్లు గడిచిపోయాయి.

ఇంకోవైపు ఓ కొత్త పని మొదలైంది. పార్కులో కలిపిన 48 వేల ఎకరాల్లో చాలా భాగం అప్పటికే నరికేసిన నేల. కొండల నిండా దుంగలు లాగిన మట్టిరోడ్లు. వానొస్తే ఆ రోడ్లే జారి వాగుల్లో పడేవి. వాటిని తవ్వి, కొండవాలును మళ్లీ పాత రూపానికి తేవాలి. దానికెవరు కావాలి? బుల్‌డోజర్, ఎక్స్‌కవేటర్ నడపడం తెలిసినవాళ్లు, ఆ కొండల పోకడ తెలిసినవాళ్లు. రోడ్డు వేయడానికి పనికొచ్చిన చెయ్యే రోడ్డు తీసేయడానికీ పనికొచ్చింది. అలా వందల కిలోమీటర్ల పాత రోడ్లు తీసేశారు. 2018 నుంచి ‘రెడ్‌వుడ్స్ రైజింగ్’ పేరుతో ఈ పని ఇంకా పెద్ద ఎత్తున సాగుతోంది. నరికిన చోట కిక్కిరిసి మొలిచిన చెట్లను పలచన చేసి మిగతావి పెద్దవయ్యేలా చూడటం కూడా అందులో భాగం.

ఓరిక్ పక్కన పాత మిల్లు ఉన్న చోటు కథ ఇంకా బాగుంటుంది. ఆ నేల మొదట యురోక్ అనే ఆదివాసీ తెగది. ఆ చోటును వాళ్ల భాషలో ‘ఓ రూ’ అంటారు. 125 ఎకరాల ఆ నేలను వాళ్లకు తిరిగివ్వడానికి 2024 మార్చిలో లీగ్, నేషనల్ పార్క్, రాష్ట్ర పార్కుల శాఖ, యురోక్ తెగ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. దుంగలు పేర్చడానికి వేసిన తారు తవ్వి తీసేసి, మట్టితో నిండిపోయిన వాగుకు కొత్త దారి చేసి, సాల్మన్ చేపలు ఎదురీది వచ్చేలా పనులు చేసింది ఎక్కువగా ఆ తెగ సిబ్బందే. 2022లో ఆ ప్రాంతంలో శతాబ్దానికి పైగా కనిపించని కాండోర్ రాబందులను మళ్లీ ఆకాశంలోకి వదిలిందీ వాళ్లే. క్లామత్ నది మీద నాలుగు డ్యామ్‌లను 2024లో పూర్తిగా తొలగించారంటే, అందులోనూ వాళ్ల దశాబ్దాల పోరాటం ఉంది.

ఈ పనుల్లో బయాలజీ చదివినవాళ్లే కాదు, సివిల్ ఇంజినీర్లు, లెక్కలవాళ్లు, మ్యాపులు గీసేవాళ్లు, డ్రోన్ ఎగరేసేవాళ్లు అందరూ ఉంటారు. చెట్ల ఎత్తు కొలవడానికి విమానం నుంచి లేజర్ కాంతి పంపే లైడార్ వాడతారు. ఆ డేటాను చదివేది మనలాంటి కోడ్ రాసేవాళ్లే. అలాగని ఓరిక్ మళ్లీ కళకళలాడుతోందని చెప్పను. పార్కు ఉద్యోగాలు చాలావరకు సీజన్‌వి, మిల్లు జీతాలతో సమానం కావు. పోయిన ఊరు మొత్తం తిరిగిరాలేదు. పని మారినప్పుడు అందరూ ఒడ్డున పడరు. ముందే చూసుకున్నవాళ్లు, చేతిలో పనితనం ఉన్నవాళ్లు పడ్డారు.

మీరు అడగాల్సిన రెండు ప్రశ్నలు

మీరు రేపే ప్యాకేజీ వదులుకుని చెట్లు కాపాడమని నేను చెప్పట్లేదు. ఇంట్లో ఎడ్యుకేషన్ లోన్ ఉంటుంది, చెల్లెలి చదువు ఉంటుంది, వచ్చిన మొదటి ఉద్యోగం తీసుకోవాల్సిందే. తీసుకోండి. కానీ తీసుకునేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: ఈ కంపెనీ, ఈ రంగం దేన్ని ఖర్చు పెట్టి బతుకుతోంది? అది మళ్లీ పెరిగేదేనా? అప్పు తెచ్చిన సొమ్మా, తక్కువ జీతానికి దొరికే ఫ్రెషర్లా, ఒకే ఒక్క పెద్ద క్లయింటా, నిజంగా కొని వాడే జనమా? దీనికి జవాబు కోసం ఎంబీఏ చదవక్కర్లేదు. కంపెనీ స్టాక్ మార్కెట్‌లో ఉంటే వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. లేకపోతే రెండు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తున్న సీనియర్‌కు ఫోన్ చేయండి. ‘జీతం ఎంత అన్నా?’ అనే ప్రశ్న తర్వాత ‘డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది అన్నా?’ అని కూడా అడగండి.

రెండోది: ఈ ఉద్యోగం పోయినా నా దగ్గర మిగిలేది ఏమిటి? చైన్‌సా నడపడం ఒక్కటే వచ్చినవాడికి చెట్లు అయిపోగానే పని అయిపోయింది. కొండ తీరు, నీటి దారి, యంత్రం గుట్టు తెలిసినవాడికి ఇంకో పని దొరికింది. మీ టూల్ రేపు మారుతుంది. జావా పోయి ఇంకోటి రావొచ్చు, కోడ్ రాసే పని సగం ఏఐ చేసేయొచ్చు. ఆసుపత్రి ఎలా నడుస్తుందో, బ్యాంకులో అప్పు ఎలా మంజూరవుతుందో, పొలానికి నీళ్లెలా వస్తాయో తెలిసినవాడికి ఏ టూల్ వచ్చినా పని ఉంటుంది. పనిచేస్తున్న చోట టికెట్లు క్లోజ్ చేయడంతో సరిపెట్టుకోకండి. ఆ టికెట్ ఎవరి కష్టమో తెలుసుకోండి.

వెళ్లగలిగితే వెళ్లండి

ఎంఎస్‌కో ఉద్యోగానికో కాలిఫోర్నియా వెళ్లేవాళ్లు మీలో చాలామంది ఉంటారు. లాంగ్ వీకెండ్ రాగానే లాస్‌వేగాస్ కారెక్కేస్తారు. ఒక్కసారి ఉత్తరానికి వెళ్లండి. నేషనల్ పార్కుకు ప్రవేశ రుసుము లేదు. టాల్ ట్రీస్ గ్రోవ్ లాంటి చోట్లకు ఉచిత పర్మిట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఎండాకాలమైనా స్వెటర్ పెట్టుకోండి, మ్యాపులు డౌన్‌లోడ్ చేసుకోండి. సెల్ఫీ కోసం హైపీరియన్ చెట్టు వెతుక్కుంటూ మాత్రం పోకండి. జనం తొక్కిడికి దాని చుట్టూ నేల పాడైపోతోందని 2022లో ఆ ప్రాంతాన్ని మూసేశారు. పట్టుబడితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. వీసా మీదున్నవాళ్లకు అలాంటి కేసు అసలే వద్దు. అడవి చూశాక ఓరిక్‌లో ఆగి ఒక కాఫీ తాగండి. ఆ ఊరికి మీ నాలుగు డాలర్లు కూడా అవసరమే.

అమెరికా దాకా ఎందుకు, కాకినాడ దగ్గర కోరింగ ఉంది. గోదావరి సముద్రంలో కలిసేచోట మడ అడవులు. ఓరిక్ లారీలు ఓడిపోయిన 1978లోనే ఇది అభయారణ్యమైంది. తుపాను గాలికీ ఉప్పెనకూ అడ్డుగోడ, రొయ్యపిల్లకూ చేపపిల్లకూ పురిటిల్లు. చుట్టూ మత్స్యకార ఊళ్లు, ఇంకోపక్క రొయ్యల చెరువులు, పరిశ్రమలు. అడవా, ఉద్యోగమా అన్న ప్రశ్న అక్కడ ఇంకా నడుస్తూనే ఉంది. చెక్క వంతెన మీద నడిచి ఫొటోలు దిగి రావడమే కాకుండా, పడవ నడిపే ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ‘వేట ఎలా ఉందండీ, మీ అబ్బాయి ఏం చేస్తున్నాడు?’ అని అడిగి చూడండి. సెమినార్లో దొరకని సంగతులు తెలుస్తాయి.

ఈ రంగంలో పని చేయాలనిపిస్తే దారులు మనకూ ఉన్నాయి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు ఇంజినీరింగ్ పట్టభద్రులూ అర్హులే, ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిసే ఉంటుంది. రాష్ట్ర సర్వీస్ కమిషన్లు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ నోటిఫికేషన్లు ఇస్తాయి. సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్రీ కాలేజీ ఉంది. ఉపగ్రహ చిత్రాలతో అడవులను కొలిచే పనికి హైదరాబాద్ బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది. జీఐఎస్, రిమోట్ సెన్సింగ్ నేర్చుకున్నవాళ్లకు అడవి ఒక్కటే కాదు, సాగునీరు, బీమా, పట్టణ ప్రణాళిక లాంటి చోట్లా పని దొరుకుతుంది.

మావాడి సంగతి అడుగుతారేమో. గడువు ఇంకో వారం ఉందనగా ఒక చిన్న కంపెనీలో చేరాడు. ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తారట. జీతం పాతదానికంటే తక్కువే. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అన్నప్పుడు అందరిలా ‘నో, థాంక్యూ’ అనలేదట. “మీ కస్టమర్లలో మూడేళ్లకు పైగా మీతోనే ఉన్నవాళ్లు ఎంతమంది?” అని అడిగాడట. అవతలాయన కాసేపు ఆలోచించి లెక్క చెప్పాడట. ఆ లెక్క నచ్చే చేరానని ఫోన్‌లో చెప్పాడు.

రేపు మీ ఇంటర్వ్యూలో కూడా చివర్లో ఆ అవకాశం వస్తుంది. వదులుకోకండి.